మాస్టారికి బి.ఎడ్. కావాలి, మరి డాక్టరుకి?

2018 వేసవిలో మా నాన్నగారు మమ్మల్ని చూడటానికి అమెరికా వచ్చారు. వచ్చిన మూడో వారంలో ఒక ఆదివారం పొద్దున్న కాఫీ కప్పు అందుకోబోతే ఎడమ చెయ్యి మాట వినలేదు. మూతి కొద్దిగా పక్కకి లాగింది. అంబులెన్సు, స్కాను, గడ్డ కరిగించే మందు అన్నీ చకచకా జరిగిపోయాయి. సాయంత్రానికల్లా మా ఊరికి దగ్గర్లో ఉన్న పెద్ద బోధనాసుపత్రిలో, నాడీవైద్యుల వార్డులో ఉన్నాం. పక్షవాతం చిన్నదే, కోలుకుంటారు అన్నారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఈ వ్యాసం ఆ జబ్బు గురించి కాదు. ఆ వార్డులో రెండు రోజుల్లో నేను చూసిన రెండు పాఠాల గురించి, అవి నన్ను తోసిన చరిత్ర గురించి.

సోమవారం పొద్దున్న ఒక రెసిడెంట్ డాక్టరు ఒక విద్యార్థినిని వెంటబెట్టుకుని వచ్చాడు. రెసిడెంట్ అంటే వైద్యపట్టా చేతికొచ్చాక ఆసుపత్రిలో పనిచేస్తూ ఏదో ఒక విభాగంలో ప్రావీణ్యం సంపాదించే డాక్టరు. మన దేశంలో పీజీ అంటాం. ఆ కుర్రవాడి కళ్ళు చూస్తే రాత్రి నిద్ర లేదని తెలుస్తోంది. చేతిలో ఉన్న చిన్న సుత్తి పిడితో నాన్నగారి ఎడమ అరికాలి మీద గీశాడు. బొటనవేలు పైకి లేచింది. "చూశావా? ఇప్పుడు నువ్వు చెయ్యి" అన్నాడు. ఆ పిల్ల గీసింది. వేలు లేవలేదు. మళ్ళీ గీసింది. నాలుగుసార్లు గీసింది. "అలా కాదు, ఇది ఎప్పుడో నేర్చుకుని ఉండాలి" అన్నాడతను. ఇంతలో నడుముకున్న పేజరు మోగింది. ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆ కాలు ఎవరిదో, ఆ మనిషి ముఖం ఎలా ఉందో ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

నాన్నగారు వాళ్ళు వెళ్ళినవైపే చూసి, "ఒరేయ్, మన ఊళ్ళో పశువుల డాక్టరు కూడా ముందు ఎద్దు వీపు నిమిరేవాడురా" అన్నారు.

మంగళవారం సాయంత్రం ఇంకో రెసిడెంట్ వచ్చింది. వెంట అదే విద్యార్థిని. ఈవిడ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. నాన్నగారిని పేరుపెట్టి పలకరించి, "ఈ అమ్మాయి నేర్చుకుంటోంది, మిమ్మల్ని పరీక్ష చెయ్యనిస్తారా?" అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. నాన్నగారు తలూపారు. విద్యార్థిని వణుకుతూనే పరీక్ష చేసింది. రెసిడెంట్ మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక, "జబ్బు ఎక్కడుందంటావు?" అని అడిగింది. "మెదడులో, కుడి పక్క" అంది ఆ పిల్ల. "ఎందుకలా అనుకుంటున్నావు?" ఆ పిల్ల తడుముకుంటూ కారణాలు చెప్పింది. "సరే, ఒక్క మాట గుర్తుపెట్టుకో. ముఖమూ చెయ్యీ ఒకే పక్క బలహీనపడితే వెన్నులో వెతకద్దు, మెడకి పైనే వెతుకు. నువ్వు అరికాలి బయటి అంచు వెంట గీశావు, అది సరిగ్గా చేశావు. కానీ ముందు చెప్పకుండా గీశావు. చెప్పకుండా గీస్తే ఎవరైనా కాలు లాక్కుంటారు. అప్పుడు వేలు జబ్బువల్ల కదిలిందో, ఉలికిపాటువల్ల కదిలిందో నీకెలా తెలుస్తుంది?"

మొత్తం కలిపి ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.

మా నాన్నగారు ముప్ఫై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పారు. పాఠం చెప్పే మనిషిని పసిగట్టడంలో ఆయన కన్ను తప్పదు. "ఈ అమ్మాయికి పాఠం చెప్పడం ఎవరో నేర్పారురా, అడుగు" అన్నారు. అడిగాను. ఆవిడ నవ్వి, "నిజమే. రెండో ఏడు మాకు క్లాసులు పెట్టారు. మేం పాఠం చెబుతుంటే వీడియో తీసి మాకే చూపించారు. చూసుకుంటే సిగ్గేసింది" అంది.

ఆ రాత్రి నాన్నగారు నిద్రపోకుండా ఒకే మాట పట్టుకున్నారు. "ఆరో తరగతికి భిన్నాలు చెప్పడానికి నన్ను బి.ఎడ్. చదవమన్నారు. ప్రాణంతో పనున్న చదువు చెప్పేవాళ్ళకి ఏ చదువూ అక్కర్లేదనుకున్నారా ఇన్నాళ్ళూ?"

నేను కంప్యూటర్ల మధ్య బతుకుతున్న ఇంజనీర్ని. వైద్యం నాకు తెలియదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దొరికిన పుస్తకాలు తిరగేశాను, మా వాళ్ళలో ఉన్న డాక్టర్లని విసిగించాను. తేలినది ఇది.

పారిస్‌లో మంగళవారాలు

'డాక్టర్' అన్న మాటకి లాటిన్‌లో మూలార్థం బోధించేవాడు అని. వైద్యుడన్న అర్థం తర్వాత వచ్చి చేరింది. మనవాళ్ళు ఎంతకాలంగానో మరిచిపోయిన చుట్టరికమిది.

నాడీవైద్యంలో మొదటి గొప్ప మాస్టారు పారిస్‌లోని షార్కో. ఆయన పనిచేసిన సాల్‌పెట్రియేర్ ఆసుపత్రి ఒకప్పుడు తుపాకిమందు తయారుచేసిన చోటు. తర్వాత దిక్కులేని ఆడవాళ్ళకి ఆశ్రయమైంది. వేలమంది రోగులు, ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయినవాళ్ళు. 1862లో పెద్ద వైద్యుడిగా చేరిన షార్కో ఆ దుఃఖసముద్రాన్నే పాఠశాలగా మార్చాడు. 1882లో ఆయన కోసం ప్రత్యేకంగా నాడీరోగాల ఆచార్యపీఠం ఏర్పాటు చేశారు.

శుక్రవారం పాఠాలు ముందుగా రాసుకుని, బొమ్మలు వేయించుకుని చెప్పేవాడు. మంగళవారం పాఠాలు వేరు. తాను అంతకుముందు చూడని రోగిని పిలిపించి, అందరి ముందూ ప్రశ్నలడిగి, పైకి ఆలోచిస్తూ జబ్బు తేల్చేవాడు. రోగుల నడకలు తానే నడిచి చూపించేవాడు. వణుకుల్లో తేడా వెనక బెంచీవాళ్ళకి కూడా కనబడాలని ఆడవాళ్ళ టోపీలకి పొడుగాటి ఈకలు పెట్టించేవాడట. ఏ జబ్బు వణుకుకి ఈక ఎలా ఊగుతుందో చూసి నేర్చుకోవాలి! 1885 చివర్లో వియన్నా నుంచి వచ్చి కొన్ని నెలలపాటు ఈ పాఠాలు విన్న ఒక కుర్ర డాక్టరు పేరు ఫ్రాయిడ్.

ఆ పాఠశాల ఎలా ఉండేదో 1887లో బ్రూయే అనే చిత్రకారుడు వేసిన పెద్ద చిత్రంలో చూడొచ్చు. షార్కో నిలబడి చెబుతుంటాడు. సుమారు ముప్ఫై మంది మగవాళ్ళు వింటుంటారు. స్పృహ తప్పి వెనక్కి వాలిన స్త్రీని ఒక శిష్యుడు పట్టుకుని ఉంటాడు. ఆవిడ పేరు బ్లాంష్ విట్‌మన్, హిస్టీరియా రోగి. ఆ శిష్యుడు బాబిన్‌స్కీ. మా నాన్నగారి అరికాలి మీద గీసిన ఆ గీత ఇతని పేరు మీదే ఉంది.

బాబిన్‌స్కీ కథ చూడండి. ఆచార్యపదవికి దారితీసే పోటీపరీక్షలో 1892లో తప్పాడు. షార్కో ప్రియశిష్యుడై కూడా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కాలేకపోయాడు. పక్క ఆసుపత్రిలో రోగుల మధ్యే ఉండిపోయి, 1896లో ఆ బొటనవేలి సంగతి చెబుతూ ఇరవై ఎనిమిది పంక్తుల చిన్న నివేదిక చదివాడు. ఈనాటికీ ప్రపంచంలో ప్రతి వైద్యవిద్యార్థీ నేర్చుకునే పాఠమది. పాఠం చెప్పగలవాణ్ణి గుర్తించడం ఆ పరీక్షకి చేతకాలేదన్నమాట.

1893లో షార్కో పోయాడు. ఆ తర్వాత బ్లాంష్ విట్‌మన్‌కి ఆ మూర్ఛలు రావడం ఆగిపోయింది. అదే ఆసుపత్రిలో ఉద్యోగం చేసుకుంటూ బతికింది. హిస్టీరియా లక్షణాల్లో చాలా భాగం ఎదుటివాళ్ళ సూచనవల్ల పుట్టేవేనని తర్వాత బాబిన్‌స్కీయే వాదించాడు. అంటే, మాస్టారు ఏం చూపించాలనుకున్నాడో రోగి తెలిసో తెలియకో అదే చూపించింది. వేదిక మీద నిలబెట్టిన మనిషి వట్టి నమూనాగా ఉండిపోదని ఆ చిత్రం చెబుతోంది. మనం చూడటం నేర్చుకోవాలి.

రెసిడెంట్ ఎక్కణ్ణుంచి వచ్చాడు

షార్కో పద్ధతిలో మాస్టారొక్కడే, వినేవాళ్ళు వందలమంది. దాన్ని తలకిందులు చేసినవాడు ఆస్లర్. కెనడాలో పుట్టి, 1889లో బాల్టిమోర్‌లో కొత్తగా తెరిచిన జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి వైద్యవిభాగం పెద్దగా వచ్చాడు. విద్యార్థులు బెంచీల మీద కాదు, వార్డులో రోగి మంచం పక్కన ఉండాలన్నాడు. వార్డుల్లో విద్యార్థులకి పాఠం చెప్పినవాడని తన సమాధి మీద రాస్తే చాలునని చెప్పుకున్న మనిషి.

పట్టా పుచ్చుకున్న యువడాక్టర్లు కొన్నేళ్ళు ఆసుపత్రిలోనే కాపురముండి పని నేర్చుకోవాలన్న పద్ధతి కూడా అక్కడే స్థిరపడింది. ఆసుపత్రిలో నివాసముండేవాడు కాబట్టి రెసిడెంట్. పెద్ద డాక్టరు రోజుకొకసారి వచ్చి చూసి వెళతాడు. రాత్రీ పగలూ ఉండేది రెసిడెంటే. కాబట్టి విద్యార్థికి సూది పట్టుకోవడం, సుత్తి పట్టుకోవడం, రోగి చుట్టాలకి చెడ్డకబురు చెప్పడం, అన్నీ నేర్పేది అతనే. మన ఉమ్మడి కుటుంబాల్లో చిన్నపిల్లలకి ఎక్కాలు నేర్పేది తాతగారు కాదు, రెండు తరగతులు పైనున్న అక్కయ్య. అలాంటిదే ఇదీను.

ఈ పద్ధతి దేశమంతా పాకింది. ఎవరూ అడగని ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఆ అక్కయ్యకి చెప్పడం వచ్చా? 1960ల మధ్యలో విద్యార్థుల్ని అడిగితే తమకు తెలిసినదాంట్లో దాదాపు మూడోవంతు రెసిడెంట్లు, ఇంటర్నులు నేర్పినదే అన్నారు. 1970లో అచ్చయిన ఇంకో సర్వేలో రెసిడెంట్లు తమ వేళలో ఐదోవంతు నుంచి పావువంతు దాకా బోధనకీ పర్యవేక్షణకీ పోతోందన్నారు. అంతపనికి వాళ్ళకిచ్చిన శిక్షణ మాత్రం సున్నా. చూసి నేర్చుకో, చేసి నేర్చుకో, ఆనక ఇంకొకడికి నేర్పు, ఇంతే సంగతులు.

బోధన కూడా ఒక విద్యేనని, దానికీ శాస్త్రముందని మొదట పట్టుబట్టిన డాక్టర్లలో ముఖ్యుడు జార్జ్ మిల్లర్. 1950లలో న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలో ఆయన ఒక వింత పని చేశాడు. డాక్టర్లని, అదే విశ్వవిద్యాలయంలో బడిపంతుళ్ళని తయారుచేసే విభాగంవాళ్ళని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. డాక్టర్లకి బి.ఎడ్. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సి రావడం! ఎంతమందికి చిన్నతనంగా తోచిందో ఊహించుకోవచ్చు. ఆ బల్ల దగ్గర కూర్చున్న విద్యాశాస్త్రజ్ఞుల్లో ఏబ్రహామ్సన్ ఒకడు. అతను 1963లో లాస్ ఏంజిల్స్ వెళ్ళాడు. అక్కడ ఒక నాడీవైద్యుడు అతని కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు.

శామ్ తీర్చుకున్న కసి

ఆ నాడీవైద్యుడు హోవర్డ్ బారోస్. 1950లలో న్యూయార్క్‌లోని న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో రెసిడెంట్‌గా ఉండగా, ప్రావీణ్యపరీక్షలకి రోగుల్ని కుదర్చడం, వాళ్ళ బాగోగులు చూడటం అతని పని. వాళ్ళలో శామ్ అని ఒక రోగి. వెన్నుపాములో జబ్బు. పరీక్షలు ముగిశాక శామ్ బారోస్‌తో ఒక రహస్యం చెప్పాడు. ఒక డాక్టరు తనతో మొరటుగా ప్రవర్తించాడట. దాంతో ఒళ్ళుమండి, అతను పరీక్ష చేస్తున్నప్పుడు బాబిన్‌స్కీ గుర్తుని రెండో కాలికి మార్చేశాడట! స్పర్శ తెలియని చోట్లు కూడా మార్చి చెప్పాడట.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. ఆ పరీక్ష రాసినవాడు ఏమయ్యాడో కానీ, బారోస్‌కి మాత్రం బుర్రలో దీపం వెలిగింది. జబ్బున్న మనిషే లక్షణాలు మార్చి నటించగలిగితే, జబ్బు లేని మనిషికి లక్షణాలు నేర్పలేమా? 1963లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అతను చేసిన పని ఇది. చిత్రకారులకి మోడల్‌గా నిలబడే రోజ్ మెక్‌విలియమ్స్ అనే ఆవిడకి, కాళ్ళు చచ్చుబడ్డ ఒక రోగి లక్షణాలన్నీ నేర్పాడు. కాలి బలహీనత, బాబిన్‌స్కీ గుర్తు, ఒక కంటి చూపు పోవడం, చివరికి ఆ రోగి మాటతీరు, దిగులు కూడా. విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు అదే 'రోగి'ని పరీక్ష చేశారు. ఎవరు ఏం మరిచిపోయారు, ఎవరు ఎలా మాట్లాడారు అన్నది ఆవిడే తర్వాత కాగితం మీద గుర్తుపెట్టేది. 1964లో బారోస్, ఏబ్రహామ్సన్ కలిసి దాన్ని ప్రచురించారు.

పత్రికలు ఎగతాళి చేశాయి. వైద్యవిద్యని సినిమా చేస్తున్నారన్నారు. కానీ గమనించండి, సాల్‌పెట్రియేర్ వేదిక మీద మాటలేకుండా వాలిపోయిన స్త్రీకి ఇక్కడ నోరొచ్చింది. "మీ విద్యార్థి నన్ను మనిషిగా చూడలేదు" అని మాస్టారికి చెప్పే అధికారం మొదటిసారి రోగివేషంలో ఉన్న మనిషికి దక్కింది. శామ్ రహస్యంగా తీర్చుకున్న కసి పద్ధతి ప్రకారం పాఠమైంది. బారోస్ తర్వాత కెనడాలోని మెక్‌మాస్టర్‌కి వెళ్ళి, పాఠ్యపుస్తకం వరసలో కాకుండా ఒక రోగి సమస్య చుట్టూ చదువు నడిపే పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసినవాళ్ళలో ముఖ్యుడయ్యాడు. 2011లో పోయాడు.

బారోస్ పేరు వినని తెలుగు డాక్టర్లకి కూడా ఆయన బాకీ ఉంది. 1998 నుంచి విదేశాల్లో చదివిన డాక్టర్లు అమెరికాలో రెసిడెన్సీ చెయ్యాలంటే నటులైన రోగుల్ని పరీక్ష చేసి నెగ్గాల్సి వచ్చింది. 2004లో అమెరికాలో చదివినవాళ్ళకీ అదే పరీక్ష పెట్టారు. దాని కోసం గుంటూరు నుంచి, వరంగల్ నుంచి విమానమెక్కి వచ్చినవాళ్ళు ఎంతమందో! 2009లో మా ఆవిడ పిన్ని కూతురు రెండు వారాలు మా ఇంట్లో ఉండి సాధన చేసింది. రోగి నేనే. తలుపు తట్టడం, చేతులు కడుక్కోవడం, దుప్పటి కప్పడం, "మీకు ఇంకేమైనా అడగాలని ఉందా?" అనడం, అన్నీ నా మీదే. నా మోకాళ్ళు కమిలిపోయాయి. 2020లో ఆపేసిన ఆ పరీక్షని 2021లో పూర్తిగా ఎత్తేశారు. "పరీక్ష పోయిందిగానీ, ఆ తలుపు తట్టే అలవాటు పోలేదు బావగారూ" అంటుంది తను ఇప్పటికీ.

భయం అనే జబ్బు

ఇన్ని విభాగాలుండగా నాడీవైద్యాన్నే పట్టుకుని ఎందుకీ గొడవ? విద్యార్థులు అన్నిటికంటే దీనికి భయపడతారు కాబట్టి. 1994లో రోచెస్టర్ విశ్వవిద్యాలయపు నాడీవైద్యుడు రాల్ఫ్ యోజెఫోవిచ్ ఆ భయానికి 'న్యూరోఫోబియా' అని పేరు పెట్టాడు. మొదటి ఏళ్ళలో బట్టీపట్టిన నరాల పటాలు, వార్డులో మంచం మీదున్న మనిషికి ఎలా వర్తిస్తాయో తెలియకపోవడమే దానికి మూలమన్నాడు. 2002లో లండన్‌లో విద్యార్థుల్ని, కుర్ర డాక్టర్లని, కుటుంబవైద్యుల్ని అడిగితే అందరూ ఒకే మాటగా అన్నిటికంటే కష్టం నాడీవైద్యమే అన్నారు. కారణాల్లో ఒకటి, సరిగ్గా చెప్పేవాళ్ళు లేకపోవడం.

ఈ భయం ఖరీదు రోగి కడతాడు. విద్యార్థుల్లో ఎక్కువమంది నాడీవైద్యులు కారు. ఊళ్ళో సాధారణ వైద్యులవుతారు, అత్యవసర విభాగంలో పనిచేస్తారు. మొదట పక్షవాతాన్ని చూసేది వాళ్ళే. గడ్డ కరిగించే మందుకి గడువు గంటల్లో ఉంటుంది. ఆ గంటల్లో చెయ్యి వణక్కుండా పరీక్ష చేసే ధైర్యం, ఎప్పుడో విద్యార్థిగా ఉండగా ఒక రెసిడెంట్ ఇచ్చిందో, లాగేసుకుందో అయి ఉంటుంది. సోమవారం పొద్దున్న నా కళ్ళముందే లాగేసుకోవడం చూశాను. మంగళవారం సాయంత్రం తిరిగి ఇవ్వడం చూశాను.

ఐదు మెట్లు

ఆ మంగళవారపు పాఠం ఆవిడ సొంత ప్రతిభ అనుకున్నాను మొదట. కాదు. 1992లో నెహర్, ఆయన సహచరులు కుటుంబవైద్య బోధకుల కోసం అయిదు మెట్లు రాసిపెట్టారు. ఒకటి, విద్యార్థి చేత ఒక నిర్ణయం చెప్పించు. రెండు, ఎందుకో అడుగు. మూడు, ఎక్కడైనా పనికొచ్చే సూత్రం ఒక్కటి చెప్పు. నాలుగు, సరిగ్గా చేసినదేమిటో విడమర్చి మెచ్చుకో. ఐదు, తప్పు దిద్దు. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆ సంభాషణ చదవండి. అయిదూ ఉన్నాయి, దాదాపు అదే వరసలో.

పని ఒత్తిడిలో ఉన్న రెసిడెంట్‌కి గంట ఉపన్యాసం చెప్పే తీరిక ఉండదు. ఐదు నిమిషాలుంటుంది. ఆ ఐదు నిమిషాల్నీ ఎలా వాడాలో నేర్పడమే రెసిడెంట్లకిచ్చే బోధనాశిక్షణలో ప్రధానాంశం. 1990లలో బారోస్ ఉపాయాన్నే తిరగేసి, నటులైన రోగుల బదులు నటులైన విద్యార్థుల్ని ప్రవేశపెట్టారు. ఒకడు బద్ధకిస్టు, ఒకడు అన్నీ తెలుసనుకునేవాడు, ఒకతె భయంతో నోరు పెగలనిది. రెసిడెంట్ వాళ్ళకి పాఠం చెబుతాడు, వీడియో తీస్తారు, తర్వాత 'విద్యార్థి'యే చెబుతాడు తనకేం అర్థమైందో, ఎక్కడ మనసు చిన్నబుచ్చుకున్నాడో.

దీనివల్ల లాభముందా అంటే, కాలిఫోర్నియాలో అరవై రెండు మంది రెండో ఏటి రెసిడెంట్లతో చేసిన ప్రయోగం 2004లో అచ్చయింది. కొందరికి పదమూడు గంటల శిక్షణ ఇచ్చారు, మిగతావాళ్ళకి ఇవ్వలేదు. ఎవరు ఏ గుంపో చీటీల పద్ధతిలో తేల్చారు. శిక్షణ పొందినవాళ్ళ బోధన స్పష్టంగా మెరుగుపడింది. మిగతావాళ్ళు ఉన్నచోటే ఉన్నారు. పదమూడు గంటలు! మా కంపెనీల్లో కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే అంతకంటే ఎక్కువ సేపు కూర్చోబెడతారు.

నాడీవైద్యులు కూడా దీన్ని తమ పనిగా తీసుకోవడం మొదలుపెట్టారు. అమెరికా నాడీవైద్యుల సంఘపు పత్రిక 2004లో రెసిడెంట్ల కోసం ప్రత్యేక విభాగం తెరిచింది. 2022లో నాడీవైద్య బోధన కోసమే విడిగా ఒక పత్రిక పుట్టింది. విద్యార్థులకి పాఠం చెప్పే రెసిడెంట్లని ఆ పనికి సిద్ధం చెయ్యాలన్నది ఇప్పుడు అమెరికా వైద్యకళాశాలల గుర్తింపు నిబంధనల్లో ఒకటి. అయినా చిక్కులు తీరలేదు. 2003లో రెసిడెంట్ల పనివేళలకి వారానికి ఎనభై గంటల హద్దు పెట్టారు. అది మంచిదే. కానీ పనులు తగ్గకుండా గంటలు తగ్గితే ముందు కోతపడేది విద్యార్థికిచ్చే ఐదు నిమిషాలకే. సోమవారం వచ్చిన కుర్రవాడి మీద నాకిప్పుడు కోపం లేదు. అతనికి పేజరిచ్చారు, సుత్తిచ్చారు, విద్యార్థిని అప్పగించారు. చెప్పడం నేర్పారో లేదో ఎవరికి తెలుసు?

ఇంటివైపు ఒక చూపు

మన దగ్గర ఈ ఆలోచన లేదనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 1970లలోనే పాండిచ్చేరి జిప్‌మర్‌లో వైద్య అధ్యాపకులకి బోధన నేర్పే జాతీయ కేంద్రం వెలిసింది. ప్రతి వైద్యకళాశాలలో వైద్యవిద్యా విభాగముండాలని 1997 నిబంధనలు చెప్పాయి. పీజీలు ఎంబీబీఎస్ విద్యార్థుల బోధనలో పాల్గొనాలని 2000 నాటి నిబంధనలు చెప్పాయి. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే తీరుకి కూడా చోటిచ్చారు.

కాగితం మీదున్నది వార్డులో ఉందా? ఆంధ్రాలో ఎంబీబీఎస్ చదువుతున్న మా మేనకోడల్ని అడిగాను. "మామయ్యా, క్లాసులో ప్రొఫెసరుగారు చెప్పింది పరీక్షకి. రాత్రి డ్యూటీలో పీజీ అక్క చెప్పింది బతుక్కి" అంది. ఆ పీజీ అక్కకి చెప్పడం ఎవరు నేర్పారంటే, "ఎవరూ నేర్పలేదు. ఆవిడ మంచిది, అంతే" అంది. మన చదువులన్నీ అలాగే నడిచాయి. మంచివాళ్ళు దొరికితే అదృష్టం, లేకపోతే తలరాత.

మా నాన్నగారు ఒప్పుకోనిది సరిగ్గా దీన్నే. "పుట్టుకతో మాస్టారు అనేవాడు ఎవడూ ఉండడురా. నేను మొదటి ఏడు పిల్లల్ని బెత్తంతో కొట్టేవాణ్ణి. బి.ఎడ్.లో మా లెక్చరరుగారు వెనక బెంచీలో కూర్చుని నా పాఠం విని, 'నువ్వు బోర్డుకి చెబుతున్నావు, పిల్లలకి చెప్పట్లేదు' అన్నారు. అప్పుడు వెనక్కి తిరిగాను" అన్నారొకసారి. ఎప్పుడో యాభై ఏళ్ళనాటి మాట. రెసిడెంట్లకి వీడియో చూపించినా అదే కదా, వెనక్కి తిరిగేలా చెయ్యడం.

నా సంగతీ ఒప్పుకోవాలి. మా ఆఫీసులో పదేళ్ళుగా కొత్తగా చేరిన పిల్లల్ని నా కింద వేస్తున్నారు. ప్రోగ్రాము చేతికిచ్చి "చదువుకో, అర్థం కాకపోతే అడుగు" అని నా గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఎవరూ అడిగేవారు కాదు. తెలివైనవాళ్ళని మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు పక్కన కూర్చుని, "ఎక్కడుందంటావు తప్పు? ఎందుకనుకుంటున్నావు?" అని అడుగుతున్నాను. వాళ్ళకి ఇన్ని సందేహాలున్నాయని నాకు తెలియనే తెలియదు.

మళ్ళీ వార్డులో

నాన్నగారు ఆసుపత్రి నుంచి వచ్చేసే రోజు పొద్దున్న ఆ విద్యార్థిని ఒక్కతే వచ్చింది. తలుపు దగ్గర ఆగి లోపలికి రావచ్చా అని అడిగింది. తన పేరు చెప్పింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "అరికాలి మీద గీస్తాను, కాస్త చిరాగ్గా ఉంటుంది, సరేనా?" అంది. నేను తెలుగులో చెప్పబోతే నాన్నగారు చెయ్యెత్తి ఆపారు. అర్థమైందన్నారు.

గీసింది. బొటనవేలు లేచింది. ఆ పిల్ల ముఖంలో వెలుగు చూడాలి. ఆ వెంటనే, లేచిన వేలు ఆయనకి మంచి కబురు కాదని గుర్తొచ్చి, మొహం సర్దుకుని, "మీ చెయ్యి ఎలా ఉంది?" అని అడిగింది.

నాన్నగారు ఎడమ చేతిని మెల్లగా దుప్పటి మీంచి రెండంగుళాలు పైకెత్తి చూపించారు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ పిల్లకి నూటికి తొంభై వెయ్యొచ్చురా" అన్నారు.

మిగతా పది ఎందుకు తగ్గించారో నేను అడగలేదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన ఎవరికీ నూటికి నూరు వెయ్యలేదు.